నూరుమంది చేతులు, ఒకే కాలం: జుబిన్ మెహతా సంగీత ప్రయాణం



కండక్టర్ అనే మాట వినగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? కుంట నుంచి ఎర్రబోరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే బస్సులో టికెట్లు ఇచ్చే మనిషి గుర్తుకు రావచ్చు. సైన్సు చదివేవారికి రాగి తీగ గుర్తుకు రావచ్చు. విద్యుత్తును తన గుండా పోనిచ్చే పదార్థాన్ని మనం వాహకం అంటాం. ఇంగ్లీషులో దాని పేరు కూడా కండక్టరే. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది మూడో రకం కండక్టర్ గురించి. ఆయన నూరుమంది వాద్యకారుల ముందు నిలబడతాడు. చేతిలో సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. కచేరీ మొత్తం మీద ఆయన ఒక్క స్వరం కూడా పలికించడు. అయినా కచేరీ ప్రకటనలో ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

శబ్దం చేయని మనిషికి సంగీతంలో ఏం పని? ఇది మొదటి ప్రశ్న. బొంబాయిలో పుట్టిన ఒక భారతీయుడు ఆ పనిలో ప్రపంచమంతా ఎరిగిన వాడు ఎలా అయ్యాడు? ఇది రెండో ప్రశ్న. సంగీతం గురించి మాట్లాడడానికి భౌతికశాస్త్రం చెప్పే మనిషి ఎందుకు వచ్చినట్టు అని మీరు అనుకోవచ్చు. మొదటి ప్రశ్నకు సగం జవాబు మీ తొమ్మిదో తరగతి పుస్తకంలోని ధ్వని పాఠంలోనే ఉంది. అందుకే వచ్చాను.

ఆర్కెస్ట్రా అంటే ఏమిటి?

మన ఊళ్లలో ఆర్కెస్ట్రా అంటే జాతరలోనో పెళ్లిలోనో సినిమా పాటలు పాడే బృందం. పాశ్చాత్య సంగీతంలో ఆ మాటకు అర్థం వేరు. సింఫొనీ ఆర్కెస్ట్రాలో సుమారు 80 నుంచి 100 మంది ఉంటారు. ముందు వరసల్లో వయొలిన్లు, వాటి పెద్దన్నలైన వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్‌లు. వాటి వెనక ఫ్లూటు, ఓబో, క్లారినెట్ వంటి ఊదే వాద్యాలు. ఇంకా వెనక హార్న్, ట్రంపెట్ వంటి లోహ వాద్యాలు. చిట్టచివర డ్రమ్ములు.

మన కర్ణాటక సంగీత కచేరీలో నలుగురైదుగురు కూర్చుంటారు. గాయకుడి చెయ్యి తాళం వేస్తుంటుంది. మృదంగం వాయించేవారు ఆ చేతిని చూస్తారు, వయొలిన్ వారు గొంతును అనుసరిస్తారు. అందరూ దాదాపు ఒకే రాగధార వెంట నడుస్తారు. సింఫొనీలో అలా కాదు. ఒకే క్షణంలో ఇరవై రకాల వాద్యాలు వేర్వేరు స్వరాలు పలుకుతాయి. అవన్నీ కలిసినప్పుడే రచయిత ఊహించిన సంగీతం పుడుతుంది. ఒక్కొక్క వాద్యకారుడి ముందు తన భాగం మాత్రమే రాసిన కాగితం ఉంటుంది. పక్కవాడు ఏం వాయిస్తాడో అందులో ఉండదు. అందరి భాగాలూ ఒకదాని కింద ఒకటిగా రాసి ఉన్న పెద్ద పుస్తకం కండక్టర్ దగ్గర మాత్రమే ఉంటుంది. దాన్ని స్కోరు అంటారు. ఒక్కో పేజీలో ఇరవై, ముప్పై వరసలు ఒకేసారి నడుస్తుంటాయి.

అయితే, పదిమందిని ఒక కాలంలో నడిపించే మనిషి మనకు కొత్తవాడు కాదు. కోలాటంలో గురువు ఈల వేయగానే కోపు మారుతుంది. కూచిపూడిలో నట్టువాంగం చేసేవారి తాళాలు నర్తకి అడుగును నడిపిస్తాయి. మీ ప్రాంతంలో కొమ్ములు ధరించి డోళ్లు మోగిస్తూ ఆడే నృత్యాన్ని చూడండి. చేతులు పట్టుకుని అడుగు వేసే వరస ఎప్పుడు తిరగాలో డోలు దెబ్బే చెబుతుంది. కాలాన్ని నిర్ణయించే మనిషి అక్కడ కూడా ఉన్నాడు. ఒక్కటే తేడా. ఈలకూ, తాళానికీ, డోలుకూ శబ్దం ఉంది. కండక్టర్ చేతి పుల్లకు శబ్దం లేదు. ఎందుకు లేదు?

వెలుగు ముందు, ధ్వని వెనక

పొలానికి అవతలి గట్టున ఎవరో చెట్టు నరుకుతుంటే గమనించారా? గొడ్డలి చెట్టుకు తగలడం ముందు కనబడుతుంది, దెబ్బ శబ్దం తర్వాత వినబడుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. మీకూ ఆ చెట్టుకూ మధ్య 170 మీటర్లు ఉంటే శబ్దం అర సెకను ఆలస్యంగా వస్తుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి దృశ్యం ఆలస్యమైనట్టు మనకు తెలియదు.

ఇప్పుడు ఇదే లెక్కను ఆర్కెస్ట్రాకు వర్తింపజేద్దాం. ముందు వరస వయొలిన్‌కూ వెనక మూల ఉన్న డ్రమ్ముకూ మధ్య 17 మీటర్లు అనుకోండి. ఆ దూరం దాటడానికి ధ్వనికి 0.05 సెకను పడుతుంది. అది తక్కువేగా అనిపిస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే సంగీతంలో ఒక దెబ్బకు అర సెకను. ఆ దెబ్బలో నాలుగు స్వరాలుంటే ఒక్కో స్వరానికి 0.125 సెకను. వెనక ఉన్నవాడు ముందు వరసను విని వాయిస్తే అతను 0.05 సెకను వెనకబడతాడు. అతని శబ్దం తిరిగి ముందుకు రావడానికి మరో 0.05 సెకను. మొత్తం 0.1 సెకను. అంటే దాదాపు ఒక స్వరమంత ఆలస్యం! ముందు వరసవాళ్లు మళ్లీ అతని కోసం ఆగితే సంగీతం క్షణక్షణానికీ నెమ్మదించి చివరికి చెదిరిపోతుంది.

కాబట్టి నూరుమంది ఒకరినొకరు వింటూ కాలాన్ని నిలుపుకోలేరు. అందరికీ ఒకే క్షణంలో అందే సంకేతం కావాలి. ఆ సంకేతం వెలుగు రూపంలో వెళ్లాలి. కండక్టర్ చేతి కదలిక అదే. ఆ పుల్లను బాటన్ అంటారు. దూరాన ఉన్నవారికి స్పష్టంగా కనబడడానికే దాన్ని తెల్లగా, సన్నగా చేస్తారు. వెనక వరసలో అనుభవమున్న వాద్యకారులు తమ ధ్వని సభలోకి ఆలస్యంగా చేరుతుందని ఎరిగి, చెవికి వినబడేదానికంటే వెంట్రుకవాసి ముందే వాయించడం అలవాటు చేసుకుంటారు.

పూర్వం ఐరోపాలో కూడా శబ్దంతోనే కాలం చూపేవారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి సంగీతకారుడు లూలీ బరువైన పొడుగు కర్రతో నేలను కొడుతూ బృందాన్ని నడిపించేవాడు. 1687లో ఒక కచేరీలో ఆ కర్ర ఆయన కాలి మీదే పడింది. గాయం చీము పట్టి, ఆ ఏడాది మార్చిలో ఆయన చనిపోయాడు. నిశ్శబ్దంగా కదిలే బాటన్ 19వ శతాబ్దంలో స్థిరపడింది. ఆర్కెస్ట్రాలు పెద్దవి కావడంతో అది తప్పనిసరి అయింది.

బొంబాయిలో తయారైన చెవి

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. జుబిన్ మెహతా 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో ఒక పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. ఎక్కువభాగం సొంతంగా నేర్చుకుని, 1935లో బాంబే సింఫొనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. పాశ్చాత్య సంగీతానికి అలవాటు లేని దేశంలో అటువంటి బృందాన్ని నడపడం ఎంత కష్టమో ఊహించండి. వాద్యకారులు చాలరు, వినేవారు చాలరు, డబ్బు చాలదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మెహ్లీ వయొలిన్ విద్యను మెరుగుపరచుకోవడానికి న్యూయార్క్ వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉన్నారు. ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషి మళ్లీ విద్యార్థి కావడం చిన్న విషయం కాదు.

జుబిన్ పెరిగిన ఇంట్లో రిహార్సళ్లు, గ్రామఫోను రికార్డులు నిత్యం ఉండేవి. కౌమారంలోనే వాద్యాల విభాగాలకు విడివిడిగా సాధన చేయించేవారు. 16 ఏళ్ల వయసుకు రిహార్సళ్లలో మొత్తం ఆర్కెస్ట్రాను నడిపించారు. అయినా ఇంట్లోవాళ్లు ఆయనను డాక్టరు చేయాలనుకున్నారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో వైద్యవిద్యకు సిద్ధం చేసే చదువులో చేరారు. ఆ చదువును మధ్యలోనే వదిలి 1954లో, 18 ఏళ్ల వయసులో, వియన్నా బయలుదేరారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మెహతా ఏమీ లేని చోట నుంచి రాలేదు. తండ్రి ఇంట్లోనే గురువు. అది చాలామందికి దొరకని అదృష్టం. కాని తండ్రి ఇవ్వలేనిది కూడా ఒకటుంది. ప్రపంచస్థాయి ఆర్కెస్ట్రా ధ్వని అప్పటి బొంబాయిలో లేదు. ఆయన దాన్ని రికార్డుల్లో మాత్రమే విన్నారు. వియన్నా చేరాకనే ఆ ధ్వనిని ఎదురుగా విన్నారు. తాను పెరిగిన చోట దేని కొరత ఉందో తెలుసుకుని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లడం ఆయన చేసిన మొదటి పని.

వియన్నాలో విద్యార్థి

వియన్నా సంగీత అకాడమీలో ఆయన గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. స్కోరును శాస్త్రగ్రంథంలా చదవాలనే గురువు ఆయన. ఏ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఎన్ని దెబ్బల గుంపులుగా విడిపోతుంది అన్నది ముందుగా కాగితం మీద తేల్చుకోవాలి. చెయ్యి ఆ తర్వాతే లేవాలి. అక్కడ మెహతా డబుల్ బాస్ కూడా నేర్చుకుని ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించారు. నడిపించబోయేవాడు నడిచేవారి వరసలో ముందు కూర్చోవాలి కదా.

ఆయన సహాధ్యాయి క్లౌడియో అబ్బాడో. ఇటలీకి చెందిన ఆయన కూడా తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. పెద్ద కండక్టర్లు రిహార్సల్ చేసేటప్పుడు బయటివారిని లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ ఇద్దరు మిత్రులూ ఒక ఉపాయం ఆలోచించారు. ఆ సభాభవనపు గాయక బృందంలో మందరస్థాయి గాయకులుగా చేరిపోయారు. అప్పటినుంచి బ్రూనో వాల్టర్, కరయాన్ వంటివారు ఎలా పని చేస్తారో వరసలో నిలబడి చూడగలిగారు. తలుపు మూసి ఉంటే లోపలివారికి పనికొచ్చే మనిషిగా మారి ప్రవేశించారు. ఈ ఉపాయాన్ని మీరు గుర్తుంచుకోండి.

1956లో హంగరీలో తిరుగుబాటు జరిగింది. సోవియట్ సేనలు దాన్ని అణచివేశాయి. వేలాది మంది సరిహద్దు దాటి ఆస్ట్రియాకు చేరారు. అప్పుడు 20 ఏళ్ల మెహతా తోటి విద్యార్థులతో ఏడు రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాను కూర్చి, వియన్నా బయట ఉన్న శరణార్థుల శిబిరంలో కచేరీ చేశారు. చేతిలో పట్టాగాని, ఎవరో ఇచ్చిన పదవిగాని అప్పటికి లేవు. తనకంటూ ఒక ఆర్కెస్ట్రా లేనివాడు దాన్ని తనే తయారు చేసుకున్నాడు. ఇల్లు విడిచి వచ్చినవారి ముందు వాయించడం ఆయన జీవితంలో ఆ ఒక్కసారితో ఆగలేదని ముందు ముందు చూస్తారు.

పిలుపులు ఎలా వచ్చాయి?

1958లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జరిగిన అంతర్జాతీయ కండక్టర్ల పోటీలో ఆయన మొదటి బహుమతి గెలిచారు. బహుమతిగా దక్కింది అక్కడి ఫిల్‌హార్మోనిక్‌లో ఒక ఏడాది సహాయకుడి ఉద్యోగం. ఆ తర్వాత రెండు మూడేళ్లలో, అనారోగ్యంతో రాలేకపోయిన పెద్ద కండక్టర్ల స్థానంలో ఆయనకు పిలుపులు వచ్చాయి. ఇటువంటి పిలుపు వచ్చినప్పుడు స్కోరు అప్పుడు తెరిచి చదవడానికి వ్యవధి ఉండదు. ముందే చదివి, మనసులో నిలుపుకున్నవాడికే ఆ అవకాశం పనికొస్తుంది. 1961 నాటికి ఆయన వియన్నా, బెర్లిన్, ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌లు మూడింటినీ నడిపించారు. అప్పటికి ఆయన వయసు 25.

కెనడాలోని మాంట్రియల్ సింఫొనీకి 1961 నుంచి 1967 వరకు, అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌కు 1962 నుంచి 1978 వరకు సంగీత దర్శకులుగా ఉన్నారు. 1978 నుంచి 1991 వరకు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపించారు. ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌కు 1969లో సలహాదారుగా, 1977లో సంగీత దర్శకులుగా అయ్యారు. 1981లో ఆ పదవిని జీవితకాలానికి ఇచ్చారు. ఆయనే 2019 అక్టోబరులో దాని నుంచి విరమించుకున్నారు. అర్ధ శతాబ్దపు అనుబంధం అది. భారత ప్రభుత్వం 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చి ఆయనను గౌరవించింది.

ఒపెరా: రెండింతల కష్టం

ఒపెరా అంటే మొదటి నుంచి చివరి వరకు పాడుతూ నడిపే నాటకం. మన కూచిపూడి యక్షగానాన్నీ, రంగస్థల పద్యనాటకాన్నీ కలిపి, వాటి వెనక డెబ్బై మంది వాద్యకారులను కూర్చోబెట్టినట్టు ఊహించుకోండి. పద్యనాటకంలో నటుడు రాగం తీస్తూ పోతే హార్మోనియం వాయించేవారు అతన్ని అనుసరిస్తారు. ఒక్క మనిషి కాబట్టి అది సాధ్యం. ఒపెరాలో గాయని ఒక స్వరాన్ని ఒక ఊపిరి ఎక్కువ నిలిపితే డెబ్బై మందీ ఆగాలి, ఆమె వదిలిన క్షణంలో డెబ్బై మందీ కదలాలి. కండక్టర్ ఒకేసారి అనుసరించాలి, నడిపించాలి కూడా.

భౌతికశాస్త్రం ఇక్కడ మరింత చిక్కు తెస్తుంది. వాద్యకారులు వేదిక ముందున్న గోతిలాంటి పల్లంలో కూర్చుంటారు. గాయకులు పైన, నటిస్తూ, కదులుతూ ఉంటారు. వెనక గాయకబృందం ముప్పై మీటర్ల దూరంలో ఉంటే వారి ధ్వని కండక్టర్‌కు చేరడానికి దాదాపు 0.09 సెకను పడుతుంది. తెర వెనక నుంచి పాడేవారికి ఆయన కనబడనే కనబడడు. అందుకే ఇప్పుడు ఒపెరా మందిరాల్లో కండక్టర్‌ను కెమెరాతో తీసి, తెర వెనక టీవీల్లో చూపిస్తారు. భవనమూ తేడాగానే కడతారు. మంచి సింఫొనీ సభామందిరంలో ధ్వని ఆగిన తర్వాత సుమారు 2 సెకన్లపాటు ప్రతిధ్వనిస్తూ నిలుస్తుంది. దాని వల్ల వయొలిన్ల నాదం నిండుగా ఉంటుంది. ఒపెరా మందిరంలో అంతసేపు నిలిస్తే మాటలు ఒకదాని మీద ఒకటి పడి అర్థం కావు. అక్కడ ఆ వ్యవధి తక్కువగా ఉండాలి.

మెహతా 1963లో మాంట్రియల్‌లో పుచ్చీని రచించిన టోస్కాతో ఒపెరాలోకి ప్రవేశించారు. 1965 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో వెర్డి రచన ఆయిడాను నడిపించారు. ఈజిప్టు నేపథ్యంగల ఆ నాటకంలో వేదిక మీద ట్రంపెట్లు, తెర వెనక పూజారుల గానం, పల్లంలో ఆర్కెస్ట్రా అన్నీ కలవాలి. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరపు మాజియో మ్యూజికాలే సంస్థకు 1985 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ప్రధాన కండక్టర్. జర్మనీలో మ్యూనిక్‌లోని బవేరియా ప్రభుత్వ ఒపెరాకు 1998 నుంచి 2006 వరకు సంగీత దర్శకాధ్యక్షులు. 1998లో చైనా రాజధాని బీజింగ్‌లో, ఒకనాటి చక్రవర్తుల కోట ఆవరణలో, పుచ్చీని తురాందోత్‌ను ఆరుబయట ప్రదర్శించారు. రంగస్థల దర్శకత్వం చైనా సినీ దర్శకుడు జాంగ్ ఇమో. ఒక ఇటాలియన్ ఒపెరా, చైనా కథ, చైనా దర్శకుడు, భారతీయ కండక్టర్!

గుజరాతీ, ఇంగ్లీషు మాట్లాడే నగరం నుంచి వెళ్లిన మనిషి వియన్నాలో జర్మన్, ఆ తర్వాత ఇటాలియన్ నేర్చుకుని వాద్యకారులతో వారి భాషలో మాట్లాడారు. మీలో చాలామంది ఇంట్లో దోర్లీ లేదా గోండీ, సంతలో తెలుగు, బళ్లో హిందీ మాట్లాడతారు. దీన్ని కొందరు లోపంగా చూస్తారు. కాదు. ఒక భాష నుంచి మరో భాషలోకి రోజుకు పదిసార్లు దాటే మనిషి ఎదుటివారి మాటను శ్రద్ధగా వినడం తెలియకుండానే నేర్చుకుంటాడు. కండక్టర్‌కు మొదట కావలసిన విద్య అదే.

గాయపడిన చోట్ల సంగీతం

1994 జూన్‌లో మెహతా బోస్నియా రాజధాని సరాయెవోకు వెళ్లారు. నగరం ఇంకా ముట్టడిలోనే ఉంది. ఫిరంగి కాల్పులకు తగలబడిన జాతీయ గ్రంథాలయ శిథిలాల మధ్య, అక్కడి ఆర్కెస్ట్రాతో, గాయకబృందంతో, చనిపోయినవారి స్మృత్యర్థం మోత్సార్ట్ రాసిన రెక్వియంను వినిపించారు. 1999లో జర్మనీలోని వైమార్ నగరంలో, నాజీల బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి దగ్గరలో, ఇజ్రాయెల్ వాద్యకారులనూ జర్మన్ వాద్యకారులనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, పునరుత్థానం అని పేరున్న మాలర్ రెండో సింఫొనీని నడిపించారు. సునామీకి ఏడాది నిండిన 2005 డిసెంబరు 26న బవేరియా ఆర్కెస్ట్రాతో చెన్నై మ్యూజిక్ అకాడమీలో సంస్మరణ కచేరీ చేశారు. 2011 మార్చిలో జపాన్‌ను భూకంపం, సునామీ ముంచెత్తాయి. ఏప్రిల్‌లోనే ఆయన టోక్యోకు తిరిగి వెళ్లి బేథోవెన్ తొమ్మిదో సింఫొనీని వినిపించారు.

ఇవన్నీ చెబితే సంగీతం యుద్ధాలను ఆపేస్తుందని మీకు అనిపించకూడదు. సరాయెవో ముట్టడి ఆ కచేరీ తర్వాత కూడా నెలల తరబడి సాగింది. 2013 సెప్టెంబరు 7న శ్రీనగర్‌లోని షాలిమార్ తోటలో ఆయన కచేరీ జరిగింది. కశ్మీరీ వాద్యకారులు కూడా అందులో పాల్గొన్నారు. కాని ఆహ్వానం ఉన్నవారికే ప్రవేశం. చుట్టూ భారీ భద్రత. నగరంలో కొందరు నిరసన తెలిపారు, కొందరు అదే రోజున వేరుగా ఒక కార్యక్రమం జరుపుకున్నారు. తమ వేదన వినకుండా సంగీతం వినిపించడం ఏమిటన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసివేయలేం.

ఎర్రబోరు పిల్లలకు ఈ మాటలు దూరపు సంగతులు కావు. 2006 జూలైలో మీ ఊరి సహాయ శిబిరంపై జరిగిన దాడి కారణంగానే ఎర్రబోరు పేరు దేశమంతా వినబడింది. ఇల్లు విడిచి శిబిరంలో ఉండడమంటే ఏమిటో మీ పెద్దలకు తెలుసు. అటువంటి చోట ఒక కచేరీ ఏం చేయగలదు? పోయినవారిని తేలేదు, పొలాన్ని తిరిగి ఇప్పించలేదు. నాకు తోచిన జవాబు ఇది. ఆ గంటసేపు వైరం ఉన్నవారు కూడా ఒకే కాలంలో ఊపిరి తీసి వదలవలసి వస్తుంది. పక్కవాడిని వినకపోతే తన స్వరమే చెడుతుంది. అది శాంతి కాదు, శాంతికి అవసరమైన సాధన. సాధన ఉన్నంత మాత్రాన కచేరీ జరగదు, కాని సాధన లేకుండా ఏ కచేరీ జరగదు.

వినడమే నాయకత్వం

మరి కండక్టర్ నిజంగా చేసేదేమిటి? కచేరీ నాడు మనకు కనబడేది చివరి భాగమే. అంతకుముందు వారాల తరబడి స్కోరు చదవాలి. సాధారణంగా దొరికేవి మూడు నాలుగు రిహార్సళ్లు. నూరుమంది వాయిస్తుండగా రెండో క్లారినెట్ ఒక స్వరం హెచ్చుగా పలికితే పట్టుకోవాలి. ట్రంపెట్లు వయొలిన్లను ముంచేస్తుంటే తగ్గించాలి. ఏది దిద్దాలో, ఏది వాద్యకారుడే తనంతట దిద్దుకుంటాడో తెలిసి మౌనంగా ఉండాలి. హార్న్ వాద్యం నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. దాని ధ్వని వెనక గోడకు తగిలి పరావర్తనం చెంది సభకు చేరుతుంది. కొత్త మందిరానికి వెళ్తే గోడ ఎక్కడుందో, అది ఎలాంటిదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మొదట్లో మనం వాహకం గురించి అనుకున్నాం. రాగి తీగ విద్యుత్తును పుట్టించదు. దారి ఇస్తుంది. నిరోధం ఎంత తక్కువైతే అది అంత మంచి వాహకం. మంచి కండక్టర్ కూడా అంతే. సంగీతం రచయితది, ధ్వని వాద్యకారులది. ఆయన అహంకారం అడ్డు రాకుండా ఆ రెండూ కలిసే దారి ఆయన ఇస్తాడు.

ఈ రంగంలోకి వెళ్లాలనుకునే భారతీయ విద్యార్థికి 1954లో దేశం విడిచి వెళ్లడం తప్ప వేరే మార్గం దాదాపు లేదు. ఆ తర్వాత కొంత మారింది. మెహ్లీ మెహతా పేరుతో 1995లో ముంబయిలో సంగీత సంస్థ ఏర్పడి పిల్లలకు శిక్షణ ఇవ్వసాగింది. 2006లో ముంబయిలోనే సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా మొదలైంది. అమ్మాయిలకు కూడా ఒక మాట. తరతరాలుగా ఇది మగవారి పనిగానే చలామణి అయింది. 2007లో మారిన్ ఆల్సప్ అమెరికాలో బాల్టిమోర్ సింఫొనీకి సంగీత దర్శకురాలు కావడంతో ఆ దేశపు పెద్ద ఆర్కెస్ట్రాలలో ఆ గోడ కూలింది. అయినా ఎర్రబోరుకు ముంబయి చాలా దూరం. వాద్యం, గురువు, ప్రయాణం అన్నీ ఖర్చుతో కూడినవే. కష్టపడితే చాలు, అన్నీ వస్తాయని నేను చెప్పను. కాని చెవిని తయారు చేసుకోవడానికి ఖర్చు లేదు.

చేసి చూడండి

మీ బడి మైదానంలో ఈ ప్రయోగం చేయండి. పదిమంది చొప్పున రెండు గుంపులుగా, 68 మీటర్ల దూరంలో నిలబడండి. మొదట అందరూ కళ్లు మూసుకోండి. మొదటి గుంపు సమానమైన కాలంలో చప్పట్లు కొట్టాలి, రెండో గుంపు విని కలపాలి. మధ్య దూరాన్ని ధ్వని దాటడానికి 0.2 సెకను పడుతుంది. మొదటి గుంపు పక్కన నిలబడి వింటే, అవతలి చప్పట్లు 0.4 సెకను వెనకగా వినిపిస్తాయి. ఆ తర్వాత కళ్లు తెరవండి. ఇరువైపులకూ కనబడేలా పక్కగా ఒకరు నిలబడి, శబ్దం చేయకుండా కర్రను పైకి ఎత్తి దించాలి. అందరూ ఆ కర్రనే చూసి చప్పట్లు కొట్టాలి. ఈసారి రెండు గుంపులకూ సరిగ్గా మధ్యలో నిలబడి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

కర్ర పట్టే పని అందరూ ఒక్కొక్కసారి చేయండి. కర్ర ఎలా ఎత్తితే ఎదుటివారికి ముందే తెలుస్తుందో, ఎలా ఎత్తితే తికమకపడతారో గమనించి నోటు పుస్తకంలో రాసుకోండి. నడిపించడం ఎంత కష్టమో, నడిచేవారు చూపించే నమ్మకం ఎంత విలువైనదో ఆ పది నిమిషాల్లో బోధపడుతుంది. సెలవు.